ఓడ రోజుల్లో పిల్లబండి

నాకున్న భయాల్లో అన్నిటికంటే పెద్దది ఇది: ఏదో ఒక రోజు ఎవరో వచ్చి, నేను తల్లిగా పనికిరానని కాగితం మీద రాసి, నా కూతుర్ని తీసుకుపోతారు.

చిన్న భయాలు ఇంకా చాలా ఉన్నాయి. స్టవ్ ఆపానో లేదోనని మెట్లు దిగాక రెండుసార్లు వెనక్కి వెళ్తాను. పాప ఊపిరి వినబడకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వాటితో బతకడం అలవాటైపోయింది. ఈ పెద్దదానితోనే కాలేదు. నాకిప్పుడు ఇరవై రెండేళ్ళు. పదిహేడో ఏట బడి మానేశాను. తరగతిలో ఎవరైనా నా పేరు పిలిస్తే చాలు, గుండె గొంతులోకి వచ్చేది. ఒక సోమవారం బడి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఇక వెళ్ళలేదు. అప్పటినుంచి చేతిలో కాగితాలు పట్టుకుని మాట్లాడేవాళ్ళు ఎవరు కనబడినా నాకు ఆ గేటే గుర్తొస్తుంది.

మా ఇల్లు స్టవాంగర్ అనే చలిదేశపు రేవు ఊళ్ళో, పాతపేటలో. తెల్లరంగు వేసిన చెక్క ఇళ్ళు, రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, సందు దిగితే రేవు. వేసవిలో యాత్రికుల ఓడ వచ్చి ఆగిందంటే మా వంటింటి కిటికీలోంచి ఆకాశం పోతుంది. దాని చోట పన్నెండు అంతస్తుల గోడ నిలబడుతుంది. తొమ్మిదయ్యేసరికి సందు నిండిపోతుంది. ఏయే రోజు ఏ ఓడ వస్తుందో రాసి ఉన్న పట్టీ మా ఫ్రిజ్ మీద, పాప టీకాల తేదీల పక్కనే అంటించి ఉంటుంది.

వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని అనను. మేం అక్కడ నిజంగానే బతుకుతున్నామన్న సంగతి వాళ్ళకు తట్టదు, అంతే. ఒకసారి నేను నైటీలో కూర్చుని చేపముద్దలు తింటుంటే ఒకాయన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. నేనూ తలెత్తి చూశాను. సిగ్గుపడి పోతాడనుకున్నాను. భార్యను పిలిచి నన్ను చూపించాడు. ఇంకొకావిడ ఎదురింటి బోర్గిల్‌ని, ఈ ఊరు ఎన్నింటికి మూసేస్తారని అడిగింది.

"నేను చచ్చాక," అందట బోర్గిల్.

బోర్గిల్‌కి ఎనభై నాలుగేళ్ళు. పద్నాలుగో ఏట మా వీధి చివరి చేపల డబ్బాల కార్ఖానాలో చేరి, పొగబెట్టడానికి చిన్నచేపల్ని తలల దగ్గర ఇనప చువ్వకు గుచ్చే పని చేసింది. ఆ కార్ఖానా ఇప్పుడు మ్యూజియం. "నా చిన్నతనానికి టికెట్టు పెట్టారు చూడు," అంటుంది. మేడ మీద ఆమె కిటికీ చట్రానికి బయటివైపు ఒక చిన్న అద్దం బిగించి ఉంది. పాత ఇళ్ళలో ఇంకా కొన్నిటికి ఉంటాయి. కుర్చీలోంచి లేవకుండా సందు రెండువైపులా చూడొచ్చు. మావాళ్ళు దాన్ని చాడీల అద్దం అంటారు.

ఆ అద్దం మా పాపకు రెండో తల్లి లాంటిది. పాప పేరు తిరిల్, అప్పటికి ఎనిమిది నెలలు. పగటి నిద్ర అంతా బయటే, గుమ్మం పక్కన పిల్లబండిలో. ఇక్కడ పిల్లలందరూ అలాగే పడుకుంటారు. నేను పడుకున్నాను, మా అమ్మ పడుకుంది, పాప తండ్రి యూస్టైన్ మంచు కురుస్తుండగా పడుకున్నాడు. కింద గొర్రెతోలు, ఒంటికి ఉన్ని, పైన పిల్లులు దూకకుండా వల. ఇంట్లో పడుకోబెడితే ఇరవై నిమిషాలకు లేచి ఏడుస్తుంది. బయట చల్లగాలికి రెండు గంటలు కదలదు.

మాకూ బోర్గిల్‌కీ ఒక ఒప్పందం ఉంది. పాపను పడుకోబెట్టి లోపలికి వెళ్ళేటప్పుడు బండి పిడికి ఒక ఎర్ర చేతితొడుగు కడతాను. ఆమె అది చూసి తన ఎర్రపూల కుండీని కిటికీ మూల నుంచి మధ్యకు జరుపుతుంది. కుండీ మధ్యలో ఉంటే, చూస్తున్నానని అర్థం. వేరే పనుంటే మళ్ళీ మూలకు నెడుతుంది. ఫోన్లూ కేకలూ ఏమీ లేవు.

జూన్‌లో రెండో గురువారం. సన్నగా తుంపర పడుతోంది. ఆ ఏడాది వచ్చినవాటిలో పెద్ద ఓడల్లో ఒకటి రేవులో ఉంది. పదింబావుకి పాపను పడుకోబెట్టి, బండి మీద వానగుడ్డ లాగి, తొడుగు కట్టాను. పైన కుండీ మధ్యకు వచ్చింది. బట్టలు ఉతికే మిషను కింద నేలగదిలో ఉంటుంది. అక్కడికి దిగాను. పదకొండు నిమిషాలు. తరవాత చాలామంది అడిగారు కాబట్టి ఆ లెక్క నాకు బాగా గుర్తు.

పైకొచ్చి తలుపు తీస్తే బండి ఉంది. వల విప్పి పిడి మీద వేసి ఉంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. పాప లేదు.

ఆ మడతలే నన్ను చంపేశాయి. తొందరలో ఎత్తుకుపోయినవాళ్ళు దుప్పటి మడతపెట్టరు. తీరిగ్గా, బాధ్యతగా, ఇది మంచి పనే అనుకుని తీసుకెళ్ళారు. ఇన్నాళ్ళూ నేను భయపడింది సరిగ్గా అలాంటివాళ్ళ గురించే.

తలెత్తి చూశాను. కుండీ మధ్యలోనే ఉంది, కుర్చీలో బోర్గిల్ లేదు. కింద ఆమె తలుపు బార్లా తీసి ఉంది. మెట్టు మీద ఒకటి, సందులో ఒకటి, ఆమె చెక్కచెప్పులు పడి ఉన్నాయి.

రేవు వైపు పరుగెత్తాను. జనాన్ని ఎలా తప్పుకుని వెళ్ళానో తెలీదు, ఎవరి గొడుగో నా చెంప గీసింది. ఓడ మెట్ల దగ్గర గుంపుగా మూగి ఉన్నారు. మధ్యలో నీలిరంగు వానకోటు వేసుకున్న ఒకావిడ, అరవై ఏళ్ళుంటాయి, నా పాపను తన శాలువాలో చుట్టి గుండెకు హత్తుకుని నిలబడింది. ఆమె కోటు బెల్టును రెండు చేతులకూ మెలిపెట్టుకుని, తడిసిన మేజోళ్ళతో బోర్గిల్. పక్కన పద్నాలుగో నంబరు పలక పట్టుకున్న గైడు కుర్రాడు, ఎవరి వైపు మాట్లాడాలో తెలియక పలకను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు. తిరిల్ ఏడవడం లేదు. ఆవిడ కోటు జిప్పు నములుతోంది. ఆ విషయంలో దాని మీద నాకు తరవాత కాస్త కోపం వచ్చింది.

"ఇదుగో తల్లొచ్చింది," అంది బోర్గిల్ రొప్పుతూ. "ఇచ్చెయ్యి పిల్లని. లేకపోతే ఆ ఓడ నువ్వు లేకుండానే పోతుంది. నేను మాత్రం వదల్ను."

ఆవిడకు మా భాష ఒక్క ముక్క రాదు. బెల్టు మాత్రం అర్థమైంది.

ఆవిడ చెప్పింది గైడు మాకు చెప్పాడు. బిడ్డ వానలో ఒంటరిగా ఉందట. తలుపు కొట్టిందట, ఎవరూ పలకలేదట. కాసేపు ఎదురుచూసి, ఇక ఆగలేక, ఓడ దగ్గర కాపలావాళ్ళకు అప్పగిద్దామని తెచ్చిందట. వాళ్ళ దేశంలో అలా వదిలేస్తే జైల్లో పెడతారట. చివర్లో ఆవిడ నా వైపు తిరిగి సూటిగా ఒక మాట అడిగింది. గైడు దాన్ని "ఆమె చాలా కంగారుపడిందట" అని మెత్తబరిచాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. ఎలాంటి తల్లివి నువ్వు అని అడిగింది.

చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఎప్పటి గుండె అప్పటిలాగే గొంతులోకి వచ్చింది. పాప కోసం చేతులు చాపాను.

ఈలోగా ఓడవాళ్ళు పిలిచిన పోలీసు వచ్చింది. గూరో అని, మా వైపు పిల్లే, నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. ముందు తిరిల్‌ని అందుకుని నా చేతుల్లో పెట్టింది, తరవాతే మాటలు. నీలికోటావిడకు ఓపిగ్గా చెప్పింది, ఇక్కడ అందరి పిల్లలూ బయటే పడుకుంటారని, తన కొడుకు గడ్డకట్టే చలిలో పడుకునేవాడని. ఆవిడ నమ్మలేదు. పోలీసును కూడా ఎలాంటి తల్లివి అన్నట్టే చూసింది.

గూరో నన్ను పక్కకు తీసుకెళ్ళింది. మా దగ్గర పోలీసునైనా పేరుతో, నువ్వు అనే పిలుస్తాం. మాటలో మర్యాద ఉంటే చాలు.

"చూడు సిల్యె, నీ తప్పేం లేదు. కానీ ఫిర్యాదు రాతలో వచ్చేసింది. పిల్లల సంక్షేమం వాళ్ళకి నేను పంపించాలి. ఒకళ్ళొచ్చి చూసి పోతారు, అంతే."

అంతే అంది. నేను పదిహేడేళ్ళప్పటి నుంచి కాచుకుని ఉన్నది ఆ ఒక్కళ్ళ కోసమే.

అప్పుడు గైడు కుర్రాడు, పాపం మంచివాడే, సర్దిచెప్పబోయాడు. ఓడ వచ్చే రోజుల్లో మాత్రం పాపను ఇంట్లో పడుకోబెడితే ఏ గొడవా ఉండదు కదా అన్నాడు. గూరో తలూపి, అదీ నిజమే, కొన్నాళ్ళు అలా చేసి చూడమంది. నీలికోటావిడ, ఇప్పటికైనా తెలివొచ్చింది అన్నట్టు తలూపింది.

మూడు తలలూ ఒకేసారి ఊగడం చూసి నాకు ఏమైందో చెప్పలేను. గొంతులో ఉన్న గుండె దిగి దాని చోటికి అది పోయినట్టయింది.

"కుదరదు," అన్నాను.

గైడు ఇంకోసారి మొదలుపెట్టబోయాడు.

"మా ఫ్రిజ్ మీద పట్టీ ఉంది. వచ్చే నెలలో ఓడ లేని రోజులు తొమ్మిది. మిగతా రోజులన్నీ నా కూతురు దాక్కోవాలా? ఇది దాని వీధి. పుట్టిన దగ్గర్నుంచీ ఇక్కడే పడుకుంటోంది. మీరు పొద్దున వచ్చి సాయంత్రం పోతారు. మీరు పోయేదాకా మేం లోపల కూర్చోం. ఈ మాట ఆవిడకి చెప్పు. మెత్తగా కాదు, నేనన్నట్టే చెప్పు."

చెప్పాడో లేదో, ఎలా చెప్పాడో వినలేదు. బోర్గిల్ భుజం కింద చెయ్యి వేసి వెనక్కి తిరిగాను.

సందు ఎక్కుతుంటే సగం గుంపు మా వెనకే వచ్చింది. వాళ్ళందరి ముందే పాపను అదే బండిలో, అదే చోట పడుకోబెట్టాను. గొర్రెతోలు సర్దాను, దుప్పటి విప్పాను, వల వేశాను, తొడుగు కట్టాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ అలా కాపలా కూర్చుంటే నీలికోటావిడ మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

తలుపు వెనకాల నిలబడి నా ఊపిరి నేనే లెక్కపెట్టుకున్నాను. వంద దాటాక వంటింటి కిటికీలోంచి పైకి చూశాను. బోర్గిల్ ఇంకా మెట్లెక్కుతూనే ఉందేమో, కుర్చీ ఖాళీగా ఉంది. మళ్ళీ వంద. అప్పుడు ఆమె చేతులు కనబడ్డాయి. కుండీ మధ్యలోనే ఉంది, జరపాల్సిన పనిలేదు. అయినా దాన్ని రెండు చేతులా పైకెత్తి, సందంతా వినబడేలా అక్కడే ధన్‌మని పెట్టింది.

మర్నాడు యూస్టైన్ ఫోన్ చేశాడు. సముద్రంలో చమురు తవ్వే చోట పని, రెండు వారాలు అక్కడే ఉంటాడు. తను వచ్చేదాకా పక్క ఊరు బ్రూనెలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళమన్నాడు, అక్కడ తోట ఉంది, తోటకు కంచె ఉంది అన్నాడు. వెళ్ళనన్నాను. నిద్రపడుతోందా అని అడిగాడు. పట్టడం లేదన్నాను, అయినా వెళ్ళనన్నాను.

"సరేలే. నేనొచ్చాక బండి చక్రానికి తాళం బిగిస్తా," అన్నాడు.

"ఆవిడ బండిని ముట్టుకోలేదు యూస్టైన్. పిల్లకి బిగిస్తావా తాళం?"

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, రేవు నుంచి వచ్చాక మొదటిసారి.

బోర్గిల్ మోకాలు మాత్రం పొంగి పెద్దదైంది. తడి రాళ్ళ మీద మేజోళ్ళతో పరుగెత్తిన ఫలితం. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మునిసిపాలిటీ ఇచ్చే గంట మీట ఉంటుంది, చేతికి కట్టుకుంటే పడిపోయినప్పుడు నొక్కొచ్చు. అదైనా తీసుకోమన్నాను. "గంట ఆవులకి కడతారే పిల్లా," అంది. ఇంకోసారి అడిగితే, తనకు కుండీ చాలంది.

సంక్షేమం ఆఫీసు నుంచి బెంటే అనే ఆమె ఫోన్ చేసింది. గొంతు మెత్తగా ఉంది, అందుకే ఇంకా భయం వేసింది. ఏ రోజు రమ్మంటావు, నీ వీలు చూసుకుని చెప్పు అంది. ఫ్రిజ్ మీది పట్టీ చూశాను. సోమవారం ఓడ లేదు, సందు ప్రశాంతంగా ఉంటుంది. మంగళవారం రెండు ఓడలు.

"మంగళవారం పదింటికి," అన్నాను.

ఆ రోజు గళ్ళ పెనం మీద వాఫిల్ అట్లు వేశాను, మొదటి రెండూ మాడిపోయాయి. బెంటే పావుగంట ఆలస్యంగా వచ్చింది. సందులో జనాన్ని తోసుకు రాలేకపోయానంది. గుమ్మంలో బూట్లు విప్పి, బండిలోకి ఒకసారి తొంగిచూసి లోపలికి వచ్చింది. వాఫిల్ మీద గోధుమరంగు చీజు ముక్క పెట్టుకుని తింటూ అడగడం మొదలుపెట్టింది. పాప ఎంత తింటుంది, ఎన్ని గంటలు పడుకుంటుంది, నేను ఎన్ని గంటలు పడుకుంటాను. అన్నిటికీ నిజమే చెప్పాను. బయట ఉన్నప్పుడు ఎవరు చూస్తారని అడిగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పైకి చూపించాను. కుండీ, కుండీ వెనకాల బోర్గిల్. ఆమె మమ్మల్ని పట్టించుకోలేదు. ఆమె కళ్ళు అద్దంలో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఎర్రటోపీ పెట్టుకున్న ఒకాయన గుంపులోంచి విడిపడి, బండి మీదకు వంగి వల అంచు పట్టుకున్నాడు, ఫోటో కోసం కాబోలు. నా కాళ్ళు తలుపు వైపు కదిలాయి. నాకంటే ముందు పై కిటికీ తెరుచుకుంది.

"చేతులు జేబుల్లో పెట్టుకో!"

మా భాషలోనే అరిచింది. ఆయన ఏం అర్థం చేసుకున్నాడో గానీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. అలాగే పది అడుగులు నడిచి వెళ్ళాడు. బెంటేకి వాఫిల్ గొంతులో అడ్డం పడింది.

దగ్గు తగ్గాక పెన్ను తీసి అడిగింది, "నీకు భయంగా లేదా?"

"ఉంది. రోజూ ఉంటుంది."

"అయినా బయటే పడుకోబెడతావా?"

"భయం నాది. నిద్ర దానిది. నా భయం కోసం దాని నిద్ర ఎందుకు పాడుచెయ్యాలి?"

అది రాసుకుంది. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఆ తరవాత వచ్చింది, చదువు ఎంతవరకు అని. పదిహేడులో మానేశానని చెప్పాను. పెన్ను ఆగింది. మామూలుగా ఆగిందేమో, కాస్త ఆలోచించడానికి ఆగిందేమో, నాకు మాత్రం రేవులో ఊగిన మూడు తలలూ కనబడ్డాయి.

"ఆగస్టు నుంచి మళ్ళీ వెళ్తున్నాను," అన్నాను.

అప్పటికి నేను ఏ బడికీ దరఖాస్తు పెట్టలేదు. కనుక్కోనైనా లేదు. ఆ పెన్ను ఆగడం చూడలేక నోటికి వచ్చేసింది. ఆమె "మంచిది" అని రాసేసింది. కాగితం మీద పడిపోయింది కాబట్టి ఇక వెళ్ళి తీరాలి. ఆ సాయంత్రమే వెతికి, మానేసిన బడిలోనే పేరు ఇచ్చాను. మూడు వారాలకు బెంటే దగ్గర్నుంచి రెండు వరుసల ఉత్తరం వచ్చింది, ఇంకేమీ చేయనవసరం లేదు అని. చదివి ఫ్రిజ్ మీద, ఓడల పట్టీ పైన అంటించాను. భయం పోయిందని అబద్ధం చెప్పను. ఉత్తరం ఉన్నా ఉంటుంది.

ఇప్పుడు సెప్టెంబరు. ఆ గేటు దాటి లోపలికి వెళ్తున్నాను. మొదటి రోజు మూడుసార్లు వెనక్కి తిరిగాను, నాలుగోసారి దాటాను. తిరిల్ శిశుశాలకు వెళ్తోంది. అక్కడా మధ్యాహ్నం బయటే, పదమూడు బండ్ల వరసలో పడుకుంటోంది. పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా మా సందులో మావాళ్ళం ఎవరం ఉండం. చుట్టుపక్కలందరూ పనుల్లోకి పోతారు. యూస్టైన్ సముద్రం మీద లేని వారాల్లోనే ఇంట్లో ఉంటాడు.

బోర్గిల్ ఉంటుంది. మోకాలు తగ్గలేదు, ఆమె ఇంటి మెట్లు నిటారుగా ఉంటాయి, గంట మీట ఇప్పటికీ వద్దంటోంది. తొమ్మిది కాగానే, కింద బండి లేకపోయినా, కుండీని మధ్యకు జరుపుతుంది. మూడింటికి మేం వచ్చాకే మూలకు నెడుతుంది. వెళ్ళేటప్పుడు చూస్తాను, రాగానే చూస్తాను. మధ్యలో ఆరు గంటలు నేను లెక్కల క్లాసులో కూర్చుని ఆ కుండీ గురించే ఆలోచిస్తుంటాను.

ఆ ఆరు గంటలూ మా సందులో తిరిగేది ఓడల్లో వచ్చే మీరే. ఎలాగూ మా కిటికీల్లోకి చూస్తారు, వద్దన్నా మానరు. అందుకే అడుగుతున్నాను. మీ ఓడ మా రేవులో ఆగితే, చేపల కార్ఖానా మ్యూజియం దాటి సందు ఎక్కండి. మేడ కిటికీకి చిన్న అద్దం బిగించిన ఇల్లు కనబడుతుంది. తలెత్తి చూడండి. ఎర్రపూల కుండీ మధ్యలో ఉండి, వెనక కుర్చీలో ఆమె కనబడితే మీ దారిన మీరు పోవచ్చు. కుండీ మూలన ఉన్నా, కుర్చీ ఖాళీగా ఉన్నా మాత్రం ఆగి తలుపు తట్టండి. గట్టిగా తట్టండి, దిగి రావడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. వచ్చాక తిడుతుంది, మీకు అర్థం కాదు, ఫర్వాలేదు. ఆ తిట్లు వినబడేదాకా మాత్రం తడుతూనే ఉండండి.